నేను తాగలేదు, కలిపాను

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో షుగర్ వచ్చినవాళ్లు రాశారు. మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్లు రాశారు. ఒకాయన ఏళ్ల తరబడి తనను విడవని తుమ్ముల గురించి రాస్తే దానికి బొమ్మ కూడా వేశారు. నేను పంపింది మాత్రం వేయలేదు. ఫోన్ చేసి అడిగితే ఒకమ్మాయి, "పురుగుల మందు కేసు కదండీ, సున్నితమైన విషయం, చూస్తాం" అంది. చూడలేదు. ఆ సున్నితమైన విషయం నా ఒంట్లోకి వచ్చేటప్పుడు ఎవరినీ అడిగి రాలేదు. అందుకే మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. పోయినసారి కోపంతో రాశాను. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో కోపం కనిపిస్తే అది కూడా జరిగిందే అనుకోండి.

నా పేరు లింబాద్రి. ఆర్మూర్ నుంచి ఆలూర్ పోయే దారిలో మా పొలం. పసుపు వేస్తాం, మధ్య సాళ్లలో మక్కజొన్న వేస్తాం. ఇంట్లో నేను, నా భార్య పద్మ, మా ఒక్కగానొక్క బిడ్డ శిరీష.

పోయిన ఏడాది తొలకరి వానలు పడ్డాక, విత్తన పసుపును మందు నీళ్లలో నానబెట్టిన రోజున ఇది మొదలైంది. నాటే ముందు కొమ్ములకు పురుగు, కుళ్లు పట్టకూడదని డ్రమ్ములో నీళ్లు పోసి, మందు కలిపి, కొమ్ములు వేసి కాసేపు ఉంచుతాం. తీసి నీడన ఆరబెడతాం. డ్రమ్ములో ఉన్నంతసేపూ తిప్పుతూ ఉండాలి. కర్రతో తిప్పొచ్చు కదా అని బయటివాళ్లు అంటారు. కర్ర తగిలితే మొలక విరుగుతుంది. మొలక విరిగిన కొమ్ము భూమిలో ఉన్నా లేనట్టే. అందుకని మా దగ్గర చేయి పెట్టి తిప్పుతారు. భుజం దాకా ముంచి, ఉయ్యాలలో పిల్ల లేవకుండా సర్దినట్టు, మెల్లగా. మా నాయన అలాగే తిప్పేవాడు. నేనూ అలాగే తిప్పాను.

ఎండెక్కేసరికి చేతులు మండడం మొదలుపెట్టాయి. పద్మ చూసింది.

"గట్ల ఎర్రగైనయేంది? ఆగు, పసుపు వెడ్త."

ఇంట్లో పట్టించిన పసుపును మంచినూనెలో కలిపి తెచ్చింది. వేళ్ల నుంచి భుజాల దాకా రుద్దింది. పసుపు పండించే ఊళ్లో పుట్టాం. పిల్లల బొడ్డుకు పసుపు, మొగవాళ్ల గాయానికి పసుపు, పెళ్లికి పసుపు, చివరికి కట్టె మీదికి కూడా పసుపే. దాన్ని అనుమానించడం మాకు చేతకాదు. చేతులు కడుక్కుని పెట్టించుకోవాలని నాకు తోచలేదు. ఇంకో డ్రమ్ము మిగిలి ఉంది, మళ్లీ ముంచాల్సిందే కదా, కడుగుడు సాయంత్రం అనుకున్నాను. నూనె ఆ మందును పట్టుకుని నా తోలులోకి తీసుకుపోతుందని తర్వాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. అప్పుడు మాత్రం చల్లగా, హాయిగా ఉంది.

అన్నం తిని లేచేసరికి వెలుతురు తగ్గింది. మిట్టమధ్యాహ్నం, కానీ పొద్దుగూకినట్టు ఉంది. ఆరబెట్టిన కొమ్ముల రంగు పోయింది. చెట్ల ఆకులు నల్లగా, ఇంటి గోడ బూడిద రంగులో, పద్మ ముఖం దూరంగా.

"మబ్బు వట్టిందా?" అని అడిగాను.

"ఎర్రటెండ గొడ్తుంటే మబ్బేంది? తిని కునుకువట్టినవా?"

కునుకే అనుకున్నాను. లోకమంతా ఎవరో పలచటి గోనెసంచి కప్పినట్టు మసకగా, మెత్తగా, శబ్దాలు కూడా దూరం నుంచి వస్తున్నట్టు. భయం వేయలేదు. అది నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. చెమట కారుతోంది, నోట్లో నీళ్లు ఊరి గడ్డం మీదికి జారుతున్నాయి, చేతి కండలు చర్మం కింద చిన్న చిన్న చేపపిల్లల్లా కదులుతున్నాయి. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను.

ఊళ్లో సూదిమందు వేసే ఆయన వచ్చి ఎండదెబ్బ అన్నాడు, గ్లూకోజ్ ఎక్కించాడు. అది ఎక్కుతుండగానే వాంతులు. శిరీష ఆటో తెచ్చింది. నిజామాబాద్ తీసుకుపోదామని తనే అంది. మాక్లూర్ దాటడం నాకు తెలియదు. తెలిసిందల్లా ఆటో కుదుపులు నీటి అలల్లా ఉండడం, నా కాలి మడమను శిరీష చేయి గట్టిగా పట్టుకుని ఉండడం. ఆ చేయి ఉంది కాబట్టి నేను కొట్టుకుపోలేదని అప్పట్లో నా నమ్మకం.

నిజామాబాద్‌లో ఏ హాస్పిటల్ అని నేను రాయడం లేదు. రాస్తే మీరు మళ్లీ వేయరు. కాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఒకాయన. సన్నటి మనిషి, నీలం స్టెతస్కోప్, కాలికి తెల్ల బూట్లు. ఆయనను నేను మరిచిపోలేదు, మరిచిపోను. కళ్లలో టార్చ్ వేసి చూశాడు.

"పిన్‌పాయింట్ ప్యూపిల్స్. ఓపీ పాయిజనింగ్, పురుగుల మందే. ఏం మందు? ఎంత తాగినవ్?"

నాలుక మందంగా ఉంది. అయినా చెప్పాను. "తాగలె సార్. కలిపిన."

"అందరు గట్లనే అంటరు. ఎంత తాగినవో చెప్పు ముందు."

"తాగలేదు సార్..."

"ఏమ్మా, ఇంట్ల లొల్లి ఏమన్న అయ్యిందా?" అని శిరీషను అడిగాడు.

నా మడమ మీద ఉన్న చేయి వదిలేసింది. ఆ జబ్బులో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే. సూది కాదు, గొట్టం కాదు. ఆ చేయి పోవడం.

ఎందుకు వదిలేసిందో చెప్పాలి. అంతకు ముందు రోజు సాయంత్రం తను హైదరాబాద్‌లో పీజీ చదువుతానని అడిగింది. నేను "చూద్దాం బిడ్డా, పసుపు వెట్టుడు కానీ" అన్నాను. అంతే. లొల్లి లేదు, ఏడుపు లేదు. కానీ ఒక తెల్లకోటు మనిషి అలా అడిగేసరికి, ఆ చిన్న మాట నా బిడ్డ మనసులో పెద్దదైపోయింది.

ముక్కులోంచి గొట్టం వేసి స్టమక్ వాష్ చేశారు. లేని విషాన్ని కడుపులోంచి కడిగారు. ఉన్న విషం నా చేతుల మీద అలాగే ఉంది, పసుపు నూనె కింద. పొద్దంతా నేను చేతులు తుడుచుకున్న తువ్వాలను మడిచి నా తల కిందే పెట్టారు. ఎవరూ నా చొక్కా విప్పలేదు. తాగినవాడికి చొక్కా ఎందుకు విప్పుతారు?

తర్వాత విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టారు. మసకంతా పోయింది. దానికి బదులు వెలుగొచ్చింది, ఓర్చుకోలేనంత వెలుగు. ఐసీయూ పైకప్పు తెరుచుకుని పొలమైంది. మంచం చుట్టూ మక్క నిలువెత్తు పెరిగింది, దాని పూత గాలికి ఊగుతూ ట్యూబ్‌లైట్లను తాకుతోంది. పసుపు ఉడకబెట్టే వాసన. కాగుల్లోంచి లేచే ఆవిరిలో మా నాయన కనిపించాడు, పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, ఒక్క మాట మాట్లాడకుండా కొమ్ములు ఏరుతున్నాడు. నేనూ పక్కన కూర్చుని ఏరాను. పుచ్చువి ఇటు, మంచివి అటు. ఎంత ఏరినా తరగడం లేదు, అలసటా లేదు. పద్మ తర్వాత చెప్పింది, నేను దుప్పటిని చిటికెలతో పట్టుకుని ఒక్కొక్కటి తీసి గాల్లో పక్కకు పెడుతూనే ఉన్నానని. "గది మొలకచ్చింది, గా దిక్కు వెట్టు" అని సిస్టర్‌కు పని కూడా చెప్పానట. ఆ సిస్టర్ మంచిది. "పెట్టిన పెద్దయ్యా, నువ్ పండుకో" అందట.

మరునాడు రౌండ్స్‌కు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. డ్యూటీ డాక్టర్ వెనక నిలబడి చెబుతున్నాడు. జాండిస్ అనుమానం, బిలిరుబిన్ పంపించాం, నార్మల్ వచ్చింది అని.

"కళ్లు తెల్లగనే ఉన్నయి. చేతులొక్కటే పచ్చగ ఎందుకున్నయి?" అని ఆమె పద్మను అడిగింది.

"పసుపు వెట్టిన మేడం. మందు కలుపంగ మండినయని."

ఆమె నా చేయి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.  

"ఈయన ఒళ్లు ఎవ్వరు కడగలేదా?"

డ్యూటీ డాక్టర్ కేస్ షీట్ తిరగేశాడు. ఆ తిరగేయడాన్ని కూడా నేను దాచుకున్నాను.

సిస్టర్లు సబ్బుతో తల నుంచి కాళ్ల దాకా కడిగారు, గోళ్ల సందులు కూడా. తువ్వాల, చొక్కా కవర్లో కట్టి బయట పడేశారు. బకెట్ నీళ్లు పసుపుపచ్చగా తిరుగుతూ మోరీలోకి పోతుంటే నాకు పండగలా అనిపించింది. కానీ ఆలస్యమైంది. ఆ సాయంత్రం డాక్టరమ్మ "తల లేపు లింబాద్రీ, దిండు మీంచి లేపు" అంది. లేపాను అనుకున్నాను. తల అక్కడే ఉంది. మెడ నా మాట వినలేదు.

"ఇంటర్మీడియట్ సిండ్రోమ్. మెడ తర్వాత ఊపిరి కండలే పడిపోతయి. ట్యూబ్ వేద్దాం."

వెంటిలేటర్ మీద మనిషి నిద్రపోతున్నాడని అందరూ అనుకుంటారు. నిద్రపోడు. చెరువు అడుగున పడుకుని పైన ఒడ్డు మీద మాట్లాడుకునేవాళ్లను వింటున్నట్టు ఉంటుంది. అన్నీ వినిపిస్తాయి. నా బామ్మర్ది రాజేశ్వర్ దుబాయ్ నుంచి పద్మకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టింది. "యార్డుల పసుపు తీస్కోలేదని ఇంత జేస్కుంటడా అక్కా? బావకు ముందటి నుంచే జిద్దు." మార్కెట్ యార్డులో నా పసుపు కుప్పను పుచ్చు ఉందని పక్కన పెట్టినమాట నిజం. నేను సాయంత్రం దాకా కదలకుండా కుప్ప మీద కూర్చున్నమాట నిజం. కూర్చునేవాడు చస్తాడా? కానీ నా నోట్లో గొట్టం ఉంది.

పద్మ గట్టిగానే అంది, "మీ బావ తాగలేదురా, నా చేతులతోని పసుపు వెట్టిన." వాడు నమ్మలేదు. మొగుని ఇజ్జత్ కాపాడుతోంది అనుకున్నాడు.

తర్వాత శిరీష గొంతు, చాలా మెల్లగా. "నేను పోతానన్నందుకేనా అమ్మా?"

ఆ మాటకు చెరువు నీళ్లన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. కాదు బిడ్డా అని అరిచాను. వేలు కూడా కదల్లేదు. కంట్లోంచి నీరు మాత్రం కారింది. సిస్టర్ చూసింది. "సార్, మళ్లా సెక్రీషన్స్ వస్తున్నయి" అంది. తెల్ల బూట్ల డాక్టర్ వచ్చి అట్రోపిన్ పెంచాడు. నా ఏడుపును విషం కింద లెక్క వేశారు. నేను మళ్లీ మక్క తోటలోకి పోయాను, మా నాయన పక్కన కూర్చుని కొమ్ములు ఏరుకున్నాను.

ట్యూబ్ తీశాక వార్డుకు మార్చారు. పక్క మంచం మీద మాక్లూర్ దిక్కు రైతు, నా ఈడువాడే. ఆయన నిజంగానే తాగాడు. ఆయనను కూడా "ఎందుకు తాగినవ్?" అని వచ్చినవాళ్లంతా అడిగేవాళ్లు, బస్సు ఎప్పుడొస్తదని అడిగినట్టు. ఆయన గోడ వైపు తిరిగేవాడు. నేను మాత్రం గొంతు రాకపోయినా వచ్చిన ప్రతి మనిషితో "తాగలేదు" అని పంచాయితీ పెట్టుకునేవాణ్ని. ఒకరోజు ఆయన ఇటు తిరిగాడు.

"నువ్ తాగలే అన్నా. నేన్ నమ్ముత."

"ఎట్ల?"

"నువ్ గింత లొల్లి జేస్తున్నవ్. తాగిన్నాడు నాకు లొల్లి జేసే ఓపిక గూడ లేకుండె."

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఇద్దరికీ దగ్గొచ్చింది. పద్మ కాక నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయనే. తాగినవాణ్నయినా అలా అడగకూడదని నాకు అర్థమైంది ఆయన పక్కనే.

డిశ్చార్జికి ముందు కౌన్సెలింగ్‌కు పంపారు. మెత్తగా మాట్లాడే ఒకామె.

"మీకు చనిపోవాలని ఎందుకనిపించింది?"

"అనిపించలేదు మేడం."

"చెప్పుకుంటే బరువు తగ్గుతది."

"నా బరువు తగ్గింది మేడం, చూడుండ్రి, ప్యాంటు నిలుస్తలేదు. మందు చేతుల నుంచి ఎక్కింది."

ఆమె బాధగా నవ్వి పక్కనున్న పిల్లతో "డినయల్" అంది. ఆ మాటకు అర్థం శిరీషను అడిగాను. చెప్పింది. నిజం ఒప్పుకోకపోవుడట. చెప్పి, నా ముఖం చూడలేదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాగున్నాను. తర్వాత పిక్కలు పీకడం మొదలైంది. అరికాళ్ల కింద ఎప్పుడూ దూది పరిచినట్టు, మబ్బుల మీద నడుస్తున్నట్టు. ఒకరోజు దుకాణం దాకా పోయి వచ్చాను. పద్మ, "కుడి కాలి చెప్పేది?" అంది. ఎక్కడ జారిందో నాకు తెలియదు. కాలికి తెలిస్తే కదా నాకు చెప్పడానికి. మళ్లీ నిజామాబాద్, ఈసారి న్యూరో డాక్టర్. నరాలకు కరెంటు పెట్టి చూసే ఎన్‌సీవీ టెస్ట్ చేశారు. "డిలేడ్ న్యూరోపతి. దాని వల్ల ఫుట్ డ్రాప్, పాదం పైకి లేవదు. ఆ మందుల్లో కొన్నిటికి కొన్ని వారాల తర్వాత గిట్ల వస్తది. నెమ్మదిగ తగ్గుతది, పూర్తిగ తగ్గుతదని మాటియ్యలేను" అన్నాడాయన. ఆయన మాటివ్వలేదు కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు.

కాలికి స్ప్లింట్ వేసుకుని, నేల మీద గుడ్డను వేళ్లతో దగ్గరికి లాక్కునే వ్యాయామం చేస్తూ ఏడాది గడిచింది. ఇప్పుడు నడుస్తున్నాను. మడమ ముందు పడుతుంది, కుడి పాదం కొంచెం ఈడ్చుకుంటూ వస్తుంది. పొద్దున పొలం గట్టు మీద నడిచేటప్పుడు మంచు, పసుపు ఆకు వాసన, కాలి కింద నేల ఉందో లేదో తెలియని ఆ తేలికదనం. అందులో ఒక సుఖం కూడా ఉందంటే నమ్మరు. ఈ తొలకరిలో కూడా పసుపు పెట్టాను. కొమ్ములను వలలాంటి జాలీ సంచిలో వేసి, తాడు కట్టి డ్రమ్ములోకి దించి పైకి లాగాం. రబ్బరు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా. మొలక ఒక్కటి విరగలేదు. ఊళ్లో నవ్వారు. "లింబాద్రి పసుపుకు ఉయ్యాల గట్టిండు" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. అన్నవాడే మొన్న వచ్చి ఆ సంచి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. చెప్పాను, కానీ వెంటనే చెప్పలేదు.

కాలు మానుతోంది. మానంది వేరే ఉంది. నేను బాత్రూం తలుపు వేసుకుంటే, కాసేపటికి బయట నుంచి "బాపూ" అని వినిపిస్తుంది. "ఉన్నా బిడ్డా" అనాలి. అనకపోతే తలుపు కొడుతుంది. పొలానికి పోతే గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంటుంది. ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ తీసుకుపోయి పక్కింట్లో పెట్టింది. పోయిన ఏడాది వచ్చిన పీజీ సీటు వదిలేసింది. ఈ ఏడాది మళ్లీ పరీక్ష రాసింది, మళ్లీ వచ్చింది. "పోను" అంటుంది. ఎందుకని అడిగితే "పసుపు తవ్వేటప్పుడు ఎవరుంటరు?" అంటుంది. పసుపు తవ్వడానికి పీజీ సీటు వదులుకునేవాళ్లు ఎవరైనా ఉంటారా? నన్ను కాపలా కాస్తోంది నా బిడ్డ. నా చావుకు తను కారణం కాబోయిందని అనుకుంటోంది. నా మాట నమ్మదు, తల్లి మాట నమ్మదు. ఒక డాక్టర్ అన్నాడు కాబట్టి ఇంకో డాక్టర్ అంటేనే నమ్ముతుంది. చేయి వాసన చూసిన డాక్టరమ్మ వేరే రాష్ట్రం వెళ్లిపోయింది. న్యూరో డాక్టర్, "ఎట్ల ఎక్కిందో నేను చూడలేదు కదా" అన్నాడు, న్యాయమే.

అందుకని పోయిన వారం శిరీషను తీసుకుని ఆ హాస్పిటల్‌కు పోయాను. తెల్ల బూట్ల డాక్టర్ అక్కడే ఉన్నాడు. ఇప్పుడు బూట్లు నల్లవి.

"గీ కేసులు మస్తొస్తయి పెద్దాయనా. ఎన్నని యాదికుంటయి?"

"నాకు మీరొక్కరే యాదికున్నరు సార్."

"బతికినవు గదా! ఇంకేం గావాలె?"

అప్పుడు శిరీష ముందుకొచ్చింది. "సార్, మా బాపు తాగిండా, తాగలేదా?"

ఆయన ఫోన్ చూసుకున్నాడు. "ఇప్పుడెట్ల చెప్తమమ్మా" అని లోపలికి పోయాడు. సెక్యూరిటీ అతను మమ్మల్ని మెట్ల దాకా సాగనంపాడు, మర్యాదగానే.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మాక్లూర్ దాటాక అడిగింది. "ఇప్పుడు చెప్పనోడు అప్పుడెట్ల చెప్పిండు బాపూ?" అడిగి, నా మోచేతి పైన వేలు పెట్టింది. "ఎక్కడి దాంక ముంచినవ్?"

భుజం చూపించాను. అక్కడి దాకా తన వేలు మెల్లగా జరిగింది. ఆ ఏడాదిలో మొదటిసారి నన్ను ప్రశ్న అడిగింది, జవాబు ముందే తెలిసినట్టు కాకుండా. బయట పసుపు చేలు వెనక్కి పోతున్నాయి. నాకు నిద్రలాంటి హాయి వచ్చింది. కానీ ఆ సాయంత్రం స్నానానికి పోతే, తలుపు బయట మళ్లీ "బాపూ" అనే వినిపించింది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మందు ఒంటి మీద పడితే ముందు బట్టలు విప్పేయండి, సబ్బుతో తల నుంచి కాళ్ల దాకా కడగండి. నూనె రాయకండి, పసుపు పెట్టకండి. కడుగుతూనే దవాఖానకు బయల్దేరండి, మందు డబ్బా వెంట తీసుకుపోండి. తోలు మీద పడిందని చెప్పండి. నమ్మకపోతే మళ్లీ చెప్పండి. మొండివాడన్నా ఫరవాలేదు.

ఇక డాక్టర్ సాబ్, ఇది మీకు. మీరు నా నోరు వాసన చూశారా? నా చేతులు చూశారా? చూస్తే ఏం కనిపించిందో చెప్పండి. చూడకపోతే చూడలేదని చెప్పండి. తప్పయిందని నాకు చెప్పనవసరం లేదు, నేను ఎలాగూ మరిచిపోను. నా బిడ్డకు చెప్పండి. ఆ రోజు మా చిరునామా, ఫోన్ నంబర్ అన్నీ రాసుకున్నారు. కాలేజీలో చేరే గడువు ఈ వారంతో అయిపోతుంది. మీ ఒక్క మాట దగ్గర నా బిడ్డ ఆగి ఉంది. చెప్పండి.